కొలువుకూటంలో ఆరని గోడ

“గురవప్పా! సున్నం పని గురవప్పా!”

ద్వారపాలకుడు మూడోసారి పిలిచేసరికి మెట్ల కిందనుంచి ఒక ముసలాయన మెల్లగా పైకి వచ్చాడు. నలభై ఏళ్ళుగా సున్నం కలిపిన చేతులు ఆయనవి. అరచేతులు ఎండిన మడిలా బీటలు వారి ఉన్నాయి. భుజాన సంచి, సంచిలో తాపీ. చెప్పులు గుమ్మం బయటే విడిచి, కొలువుకూటం మధ్యకు వచ్చి రాజుగారికి దండం పెట్టాడు.

సింహాసనం పక్కన తాంబూలపు పళ్ళెం పట్టుకుని నిలబడ్డ తిప్పన ఆ దండం చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. ముసలాయనను ఎందుకు పిలిపించారో అతనికి తెలుసు.

ఇది జరిగింది వెండేరు ఒడ్డున ఉన్న కుందనపురంలో. చిన్న రాజ్యం. ఒక పక్క కొండలు, ఒక పక్క చెరుకు తోటలు, మధ్యలో తెల్లటి మిద్దెలు. సాయంత్రం పూట ఏటి అవతల నిలబడి చూస్తే ఆ మిద్దెలన్నీ ఎవరో ఉతికి ఆరేసిన చీరల్లా కనిపించేవట. ఆ రాజ్యాన్ని ఏలేవాడు ఉదయకేతు మహారాజు. మనిషి చెడ్డవాడు కాదు. ఆకలని వచ్చినవాణ్ణి తిప్పి పంపలేదు, అకారణంగా ఎవరినీ కొట్టించలేదు. ఒక్కటే జబ్బు. తన వల్ల ఒక పొరపాటు జరిగిందంటే ఆయన నోట రాదు. నడుస్తూ మెట్టు తట్టుకుంటే ఆ మెట్టును పగలగొట్టించి మళ్ళీ కట్టించాడు. ఒకసారి నిండు కొలువులో దశమినాడు ‘ఇవాళ ఏకాదశి కదా’ అన్నాడు. ఎవరూ కాదనలేదు. ఆ నెల కుందనపురంలో ఏకాదశి రెండు రోజులు వచ్చింది. జనం రెండు రోజులూ పస్తులున్నారు.

అలాంటి రాజుగారి కొలువుకూటంలో పడమటి గోడకు చెమ్మ ఎక్కింది.

మొదట్లో సింహాసనం వెనక అరచెయ్యంత మరక. వానాకాలం నడుమకు వచ్చేసరికి అది దుప్పటంత అయింది. గోడ మీద రాసిన లతలూ పువ్వులూ ఉబ్బి, పొరలు పొరలుగా రాలడం మొదలుపెట్టాయి. ఆస్థాన వాస్తు పండితుడు నారంభట్టు వచ్చి చూసి, గోడకు తాపం చేసిందని తేల్చి, మంచి గంధం అరగదీయించి దిట్టంగా పూయించాడు. నాలుగు రోజుల్లో గంధానికి బూజు గడ్డం మొలిచింది. తరువాత గోడ వెంట వరసగా కుంపట్లు పెట్టించాడు. పైపైన గోడ ఆరింది గానీ లోపలి ఉప్పంతా బయటికి పూసి, మంచు కురిసినట్టు తెల్లగా నిలబడింది. చివరికి ఈ చివరినుంచి ఆ చివరిదాకా నలభై అడుగుల పట్టు తెర కట్టించారు. తెర మీద జలతారు హంసలు. నెల తిరక్కుండా ఆ హంసల కాళ్ళకు పచ్చగా పాకుడు పట్టింది. సభలో సాంబ్రాణి ఎంత వేసినా, దాని కింద నుంచి తడి గుడ్డ వాసన వస్తూనే ఉండేది. వాసన వస్తోందని అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. తారావళీ మహారాణి మొదట్లో రెండుసార్లు అడిగి చూసింది, పైన ఏమైనా కారుతోందేమోనని. రాజుగారు ముఖం అటు తిప్పుకున్నారు. ఆ తరువాత ఆమె అడగడం మానేసింది.

పోయిన వేసవిలో గురవప్పను పిలిపించి గోడంతా కొత్తగా సున్నం పట్టించారు. ఎండలకు గోడ గలగలలాడేలా ఆరింది. అందరూ నయమైందనుకున్నారు. శ్రావణం రాగానే చెమ్మ మళ్ళీ దిగింది. తెర మళ్ళీ కట్టారు.

ఇక నిన్న జరిగింది చూడండి. పొరుగు రాజ్యం రాయబారుల ముందు రాజుగారు తమ వంశం ఎంత దృఢమైనదో వర్ణిస్తూ ఉండగా, సరిగ్గా ఆ మాట దగ్గర, తెర వెనక చేటంత సున్నప్పెళ్ళ ఊడి దభీమని పడింది. రాయబారులు తలలు వంచుకుని నవ్వు ఆపుకున్నారు. అందుకే ఇవాళ గురవప్పకు పిలుపు.

“మా గోడ ఎందుకు ఆరలేదు?” అన్నారు రాజుగారు.

“నీళ్ళు వస్తున్నాయి గనక, మహాప్రభూ.”

“వానలు పోయి పదిహేను రోజులైంది. ఎక్కడి నీళ్ళు?”

“మిద్దె ఎక్కి చూడనిస్తే చెప్తాను.”

రాజుగారి ముఖం ఒక్కసారిగా బిగుసుకుంది. ఆ మిద్దె మీద వంశధ్వజం ఉంది. దాని దగ్గరికి తాను తప్ప మరొకరు వెళ్ళకూడదని రెండేళ్ళ కిందటే ఆజ్ఞ వేశారు. తాళంచెవి ఆయన మొలలోనే ఉంటుంది. మిద్దె సంగతి నీకెందుకు, నీ సున్నం సంగతి చెప్పమని గద్దించారు.

అప్పుడు నారంభట్టు లేచాడు. ఏ మాటైనా కళ్ళు మూసుకుని చెప్పడం ఆయన అలవాటు. సున్నమంటే సామాన్యమైన పదార్థం కాదనీ, అగ్నిలో పుట్టి నీటిలో పెరిగిందనీ, అబద్ధమాడే చేతితో పూస్తే అది ఎన్నటికీ ఆరదనీ, ఇది శాస్త్రమనీ సెలవిచ్చాడు. ఏ శాస్త్రమని అడిగినవాళ్ళు లేరు. రాజుగారికి ఆ మాట చల్లగా తగిలింది. తప్పు గోడలోనూ లేదు, మిద్దెలోనూ లేదు, పనివాడి చేతిలో ఉంది. వెంటనే తీర్పు చెప్పేశారు. పున్నమికి తమ పట్టాభిషేక దినం. ఇంక తొమ్మిది రోజులు. ఆలోగా గోడ ఆరకపోతే గురవప్ప తాపీని వెండేట్లో పారేసి, ఆ ముసలివాడు ఏరు దాటి రాజ్యం విడిచిపోవాలి.

గురవప్ప సంచి భుజాన వేసుకుని వెనుదిరిగాడు.

తిప్పనకు ఆయన పరాయివాడు కాదు. అసలు తిప్పన ఎవరంటే, రాజుగారికి తమలపాకులు చుట్టి ఇచ్చే కొలువువాడు. రోజంతా ఆయన పక్కనే నిలబడతాడు గనక, ఆయనతో సరదాగా మాట్లాడే చనువు సంపాదించుకున్నాడు. రాజుగారికి కోపం వచ్చినప్పుడల్లా సభవాళ్ళు తిప్పన వైపు చూసేవారు. చిత్రమేమిటంటే, అందరినీ నవ్వించే ఆ మనిషి ఇంట్లో మహా మౌనంగా ఉండేవాడు. కిటికీ దగ్గర కూర్చుని ఏటివైపు చూస్తూ గంటలు గడిపేవాడు. తల్లీ తనూ, ఇద్దరే.

మూడేళ్ళ కిందట ఆ తల్లికి ఆయాసం పట్టుకుంది. వెనక గది గోడలు తడి, పక్క బట్టలు తడి, ఆమె ఊపిరి కూడా తడిగా గరగరలాడేది. వైద్యుడు చూర్ణాలు ఇచ్చి ఇచ్చి, చివరికి సున్నం పనివాణ్ణి పిలుచుకోమన్నాడు. అలా గురవప్ప వచ్చాడు. వచ్చినవాడు గోడవైపైనా చూడకుండా అరుగు మీద కూర్చుని, తన వృత్తిలో ఒక ఆచారం ఉందన్నాడు. చెమ్మ పని పట్టేముందు ఇంటి యజమాని మూడు ప్రశ్నలకు నిజం చెప్పాలి. నీళ్ళు ఎక్కడ నిలవ పెడుతున్నారు? వాడిన నీళ్ళు ఎటు పోతున్నాయి? ఈ మధ్య ఇంట్లో ఏం మార్చారు? జవాబు రాకుండా తాపీ బయటికి తీయరు. వాళ్ళ తాతల నాటి నుంచి అంతే.

తిప్పన ఏమీ మార్చలేదన్నాడు. గురవప్ప మళ్ళీ అడిగాడు. లేదన్నాడు. మూడోసారి అడిగితే అప్పుడు గుర్తొచ్చింది. అమ్మకు పడుకున్నచోటికే వాసన రావాలని వెనక గోడను ఆనించి మల్లెపాదు కట్టాడు. రోజూ రెండు కడవలు పోసేవాడు. ఆ పాదంటే అతనికి ఎంత మురిపెమో.

గురవప్ప నవ్వలేదు, తిట్టలేదు. పాదును నాలుగడుగులు అవతలికి జరిపించాడు. గోడకు రొమ్మెత్తు వరకు పాత సున్నమంతా గీకేశాడు. ఇటుకల మీద పూసిన ఉప్పును నీళ్ళు తగలకుండా పొడి చీపురుతో ఊడ్చాడు. ఎదురు గోడకు కిటికీ తెరిపించి, వేసవి రెండు నెలలూ గోడను అలాగే వదిలేశాడు. తిప్పన తొందరపెడితే, గాలి పనిచేస్తోంది నాయనా, మనం అడ్డం రాకూడదు అనేవాడు. ఆ తరువాతే కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసి నూరిన సున్నం, పల్చటి పూతలుగా, ఒకటి ఆరాక ఒకటి పట్టించాడు. ఆ వానాకాలం తల్లి రాత్రంతా నిద్రపోయింది. తిప్పన అప్పటినుంచి గురవప్పను మామా అని పిలుస్తున్నాడు.

అందుకే ఆ సాయంత్రం కొలువు కాగానే అతను నేరుగా గురవప్ప ఇంటికి వెళ్ళాడు. ముసలాయన వాకిట్లో కూర్చుని తాపీని ఇసకతో తోముతున్నాడు.

“పోయిన వేసవిలో రాజుగారిని ఆ మూడు ప్రశ్నలూ అడిగావా, మామా?”

“అడగబోయాను. రాజును ప్రశ్నలడుగుతావా అని భట్టుగారు కసురుకున్నారు. నోరు మూసుకుని సున్నం పట్టించాను.” ఆయన చేయి ఆగింది. “తప్పు చేశాను నాయనా. సున్నంలో కాదు. అడక్కుండా పని మొదలుపెట్టాను చూడు, అక్కడ.”

ఇంకో ఊళ్ళో బతకలేవా మామా, నేను తోడొస్తాను అన్నాడు తిప్పన. బతకడానికేం, ఎక్కడైనా గోడలుంటాయి అన్నాడు గురవప్ప. తరువాత అసలు బాధ చెప్పాడు. “కానీ అక్కడివాళ్ళు అడుగుతారు కదా. కుందనపురంలో నీ సున్నం ఎందుకు ఆరలేదని. ఏం చెప్పుకోను? నాకు కూడా తెలియదాయె.”

తిప్పనకు ఆ మాట గుచ్చుకుంది. తెలవారగానే రాజమందిరం పడమటి వైపు వీధిలోకి వెళ్ళి తలెత్తి చూశాడు. మిద్దె అంచున మూడు నీటి తూములు, ఒక్కొక్కటి రాతి మొసలి నోరు. వాన పడితే పైనీళ్ళు ఆ నోళ్ళలోంచి వీధిలోకి దూకాలి. దక్షిణపు మొసలి గడ్డం కింద తడి చారలున్నాయి. మిగిలిన రెండు మొసళ్ళ నోళ్ళలో పిచ్చుకలు గూళ్ళు కట్టాయి. గడ్డి, ఈకలు, గింజలు. ఒక వానాకాలం మొత్తం నీళ్ళు పారిన చోట గూళ్ళు నిలుస్తాయా?

తిప్పన అక్కడే నిలబడి లెక్క వేసుకున్నాడు. రెండు తూములు పైనుంచి మూసుకుపోయాయి. మిద్దె మీద నీళ్ళు నిలిచాయి, వాన పోయినా గోడలోకి దిగుతూనే ఉన్నాయి. ఆకులు పడి మూసుకుపోయి ఉండవచ్చు. కానీ ఆకులైతే రాజుగారు మిద్దెకు తాళం ఎందుకు వేస్తారు? ఆ సంగతి ఆయనకు ముందే తెలుసా? తెలిసీ ఒక ముసలివాణ్ణి దేశం దాటిస్తారా? తిప్పనకు రాజుగారి మీద కోపం రావాలి. రాలేదు. తన మల్లెపాదు గుర్తొచ్చింది. మూడోసారి అడిగేదాకా తను మాత్రం చెప్పాడా?

ఆ పూట కొలువులో తమలపాకు అందిస్తూ, భట్టుగారి శాస్త్రం తనను నిద్రపోనివ్వలేదని మొదలుపెట్టాడు. అబద్ధమాడే చెయ్యి పూసిన సున్నం ఆరదంటే, నిజమైన చెయ్యి పూసింది ఆరాలి కదా. ఒకే కుండలో సున్నం కలిపి, గురవప్ప ఒక పిడికెడు, భట్టుగారు ఒక పిడికెడు, తను ఒక పిడికెడు గోడకు అద్దుదాం. ఏడు రోజులు చూద్దాం. పక్కన ఒక నిజమైన చెయ్యి కూడా ఉంటే పోల్చుకోవడానికి బాగుంటుంది, కానీ ఈ రాజ్యంలో అంత నిజమైన చెయ్యి ఎవరిదో తనకు తెలియదని అమాయకంగా తల గోక్కున్నాడు.

రాజుగారు సింహాసనం మీద నిటారుగా కూర్చున్నారు.

“మా చెయ్యి ఉండగా నీకు తెలియకపోవడమేమిటి? మేమే ముందు అద్దుతాం.”

తిప్పన కోరుకున్నదీ అదే. తెర తీయించవద్దని కూడా అతనే అన్నాడు. ఆ గోడను చూడాలంటే రాజుగారికి చిరాకు గనక, ఎవరికి నచ్చిన చోట వాళ్ళు తెర అంచు ఎత్తి చెయ్యి లోపలికి పెట్టి అద్దితే చాలని.

గురవప్ప సున్నం కలిపి తెచ్చాడు. రాజుగారు ఉంగరాలు తీసి, పిడికెడు సున్నం తీసుకుని, సింహాసనం దిగి నడిచారు. నారంభట్టు తెర అంచు పట్టుకుని ఇక్కడే అద్దమన్నట్టు నిలబడ్డా ఆగలేదు. తెర పొడుగునా నడుచుకుంటూ దక్షిణపు చివరిదాకా, మిద్దె మెట్ల పక్కదాకా వెళ్ళి, అక్కడ తెర ఎత్తి సున్నం అద్ది వచ్చారు. తరువాత నారంభట్టు సింహాసనం వెనకనే చెయ్యి పెట్టాడు. గురవప్ప నిలబడ్డ చోటే. తిప్పన ఆయన పక్కన. మహారాణి తన ఆసనం నుంచి ఇదంతా చూస్తూ కూర్చుంది. ఆమె కళ్ళు రాజుగారు నడిచి వెళ్ళిన దారి మీదే కొంతసేపు ఉండిపోయాయి.

ఏడు రోజులు గడిచాయి. పున్నమికి ముందురోజు సభలో తెర ఎత్తి చూశారు. గురవప్ప ముద్ద తడి. తిప్పన ముద్ద తడి. నారంభట్టు ముద్ద అన్నిటికంటే తడి, వేలు పెడితే జారింది. దక్షిణపు చివర రాజుగారి ముద్ద మాత్రం శంఖంలా తెల్లగా, గట్టిగా ఆరి ఉంది.

రాజుగారి ఆనందానికి అంతు లేదు. నారంభట్టు కళ్ళు తెరిచి, తన పిడికెడులో నీళ్ళు ఎక్కువ పడ్డాయని గొణిగాడు. కుండ ఒకటే కదా భట్టుగారూ అన్నాడు తిప్పన. శాస్త్రప్రకారం గురవప్పతోపాటు మనిద్దరం కూడా రేపే ఏరు దాటాలి, మీరు పుస్తకాల మూట కట్టుకోండి, మా అమ్మ దారికి పులిహోర చేస్తుంది అని ఎంతో ఆదరంగా చెప్పాడు. సభ అంతా గొల్లుమంది. శాస్త్రంలో కొన్ని మినహాయింపులు కూడా ఉన్నాయని నారంభట్టు అంటూనే కూర్చున్నాడు. తీర్పు రేపు పట్టాభిషేక సభలో చెబుతామని రాజుగారు లేచారు.

సభ ఖాళీ అయ్యాక ఆయన ఒక్కరే తోటవైపు వసారాలో కూర్చున్నారు. తిప్పన ఆకుకు సున్నం రాస్తూ, తల ఎత్తకుండా మెల్లగా అన్నాడు.

“ముగ్గురం చెయ్యి అందిన చోట అద్దాం, మహాప్రభూ. ఏలినవారొక్కరే గోడ పొడుగునా నడిచారు.”

రాజుగారు భుజం మీది ఉత్తరీయం సర్దుకున్నారు.

“శ్రావణం నుంచీ ఆ గోడ తెర వెనకే ఉంది. ఎక్కడ తడి, ఎక్కడ పొడి అనేది చూసినవాళ్ళు లేరు. పైన ఏ తూము పారుతోందో తెలిసినవాళ్ళకు తప్ప, కింద పొడి చోటు ఏదో తెలియడానికి దారి లేదు.” ఆకు మడిచి పళ్ళెంలో పెట్టాడు. “మూసుకున్న రెండు మొసళ్ళ నోళ్ళలో పిచ్చుకలు పిల్లల్ని కూడా పెట్టాయి.”

రాజుగారు పళ్ళెంలోని ఆకు వైపు చూశారు.  ఇప్పుడు ఆయన చప్పట్లు కొట్టి భటులను పిలవవచ్చు. రేపు ఏరు దాటేది గురవప్ప ఒక్కడే కాకపోవచ్చు. అమ్మను ఎవరు చూసుకుంటారని కూడా తిప్పన ఆలోచించాడు.

అప్పుడు రాజుగారు నవ్వారు. మొదట ముక్కులోంచి చిన్నగా, తరువాత భుజాలు కదిలేలా, చివరికి కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు. చాలా రోజులుగా నవ్వని మనిషి నవ్వితే ఎలా ఉంటుందో అలా ఉంది అది.

“మా నిజాయితీని నిరూపిస్తానని తీసుకువెళ్ళి, మమ్మల్నే పట్టుకున్నావటోయ్.”

“నేనెవర్నీ పట్టుకోలేదు. ఎవరు మూశారో, ఎందుకు మూశారో నాకు తెలియదు. అడగను కూడా.”

రాజుగారు మెడలోని ముత్యాల హారం తీసి అతని పళ్ళెంలో పెట్టి, ఇది నీ తెలివికి, ఇంకా ఏం కావాలో కోరుకోమన్నారు. గురవప్పను క్షమించేస్తాం, రేపు సభలో వందమంది ముందు, సరేనా అన్నారు.

తిప్పన హారాన్ని కళ్ళకద్దుకుని పక్కన పెట్టాడు. “కోరుకోమన్నారు గనక చెప్తాను. చెమ్మ పని పట్టేముందు ఆయన అడిగే మూడు ప్రశ్నలున్నాయి. అవి అడగనివ్వండి. అంతే.”

“ఏమిటవి?”

“నేను చెప్తే బాగోదు. అవి ఆయన వృత్తివి.”

రాజుగారు వసారాలోంచి లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆ నడకలో రోజూ ఉండే గాంభీర్యం లేదని తిప్పనకు అనిపించింది.

మర్నాడు పట్టాభిషేక సభ. పొరుగు రాయబారులు వచ్చారు. మామిడాకులు, పూలదండలు, సన్నాయి. వాటన్నిటి వెనక హంసల తెర, తెర వెనక ఎప్పటిలాగే తడి. గురవప్ప సంచి తెచ్చుకుని వచ్చి, తాపీ తీసి రాజుగారి ముందు నేల మీద పెట్టాడు, ఏట్లో వేయడానికి సిద్ధంగా.

రాజుగారు గొంతు సవరించుకుని, గురవప్పను ఉదారంగా క్షమించామని ప్రకటించారు. పట్టుబట్టలు, రెండు ఆవులు కూడా ఇస్తామన్నారు. సభ జేజేలు కొట్టింది. మహారాణి మాత్రం కొట్టలేదు. తిప్పన తల దించుకున్నాడు. అయిపోయింది, రాజుగారు సులువైన దారి పట్టారు, గోడ ఇంకో వందేళ్ళు అలాగే ఉంటుంది అనుకున్నాడు.

జేజేలు ఆగాక చూస్తే గురవప్ప కదల్లేదు. బట్టల పళ్ళెం వైపు చూడను కూడా లేదు.

“క్షమాభిక్ష వద్దు, మహాప్రభూ. తప్పు చేసినవాడికి గదా క్షమాభిక్ష. అది తీసుకుంటే నా సున్నం తప్పుదని నేనే ఒప్పుకున్నట్టు. ఏరు దాటిపోతాను. సెలవిప్పించండి.”

  రాజుగారు ఆ తాపీ వైపు చూశారు. చెక్క పిడి అరిగి అరిగి, ఒక చేతికే సరిపడేట్టు గుంటలు పడి ఉంది. ఆయన తన చేతిని ఒకసారి తిప్పి చూసుకున్నారు. గోటి కింద ఎనిమిది రోజుల కిందటి సున్నం ఇంకా కొంచెం ఉంది.

“గురవప్పా, నీవు పని మొదలుపెట్టేముందు ఇంటివాణ్ణి ఏవో మూడు ప్రశ్నలు అడుగుతావట. మమ్మల్ని అడగలేదే?”

ముసలాయన తలెత్తాడు. తిప్పన వైపు చూశాడు. తిప్పన కొద్దిగా తలూపాడు.

“నీళ్ళు ఎక్కడ నిలవున్నాయి, మహాప్రభూ?”

“మిద్దె మీద.”

“అవి ఎటు పోవాలి?”

“మూడు తూముల్లోంచి వీధిలోకి. ఒకదాంట్లోంచే పోతున్నాయి.”

గురవప్ప గొంతు తగ్గించాడు, జబ్బుమనిషి పక్కన కూర్చుని అడిగినట్టు. “ఈ మధ్య ఇంట్లో ఏం మార్చారు?”

రాజుగారు సింహాసనం దిగారు. రాయబారుల వైపు చూడలేదు, సభ వైపు చూడలేదు. మహారాణి ఆసనం ముందు నిలబడి, ఆమెకు మాత్రమే చెబుతున్నట్టు, కానీ అందరికీ వినిపించేలా చెప్పారు.

“మీ పుట్టింట్లో కిటికీ దగ్గర కూర్చుంటే చెరువులో చంద్రుడు కనిపించేవాడని పెళ్ళయిన కొత్తలో అన్నావు, దేవీ. ఇక్కడ చెరువు లేదు. మిద్దె మీద వాన నీళ్ళు నిలిస్తే చాలుననుకున్నాను. ఎవరికైనా చెబితే రాజు ఇలాంటి పనులు చేస్తాడా అంటారని నేనే ఎక్కి, రాజముద్ర ఉన్న నా ఉత్తరీయాలు చింపి మూడు తూముల్లోనూ కుక్కాను. పున్నమినాడు నిన్ను పైకి తీసుకువెళ్ళాలనుకున్నాను. ఆ రోజు మబ్బు పట్టింది. తరువాత గోడ తడిసింది. ఒక తూములోది లాగగలిగాను, మిగతా రెండూ ఉబ్బి బిగుసుకుపోయాయి. నా చేతికి రాలేదు. తీయమని ఎవరినైనా పంపితే ఆ గుడ్డలు నావని తెలిసిపోతుంది. అందుకే తాళం వేశాను. నువ్వు అడిగావు, చెప్పలేదు. ఈ ముసలాయన అడిగాడు, ఊరు విడిచి పొమ్మన్నాను.”

ఆయన గురవప్ప వైపు తిరిగి, మొలలోని తాళంచెవి తీసి, ఆ బీటలు వారిన అరచేతిలో పెట్టారు.

“నీ సున్నం మంచిదే, గురవప్పా. తప్పు చేసింది నేను.”